రోగం ఎందుకు వస్తుందని మన పెద్దలు అనుకున్నారు? – పాత వైద్య గ్రంథాలు సేకరించేవారికి

వసిష్ఠ తీరం (నరసాపురం)
అందరికీ నమస్కారం. మా తాతగారు ఆయుర్వేద వైద్యులు. ఆయన బీరువాలోని పుస్తకాలు ఈ మధ్య నా చేతికి వచ్చాయి. తెలుగు లిపిలో అచ్చయిన మాధవ నిదానం (రోగాలను గుర్తించడం గురించిన పాత ఆయుర్వేద గ్రంథం) ఉంది, ముందు కాగితాలు పోయాయి. హోమియో వైద్యాన్ని స్థాపించిన హానిమన్ మూలగ్రంథం ఆర్గనాన్ ఇంగ్లీషు ప్రతి ఒకటి, జ్వరాల మీద అట్టలు ఊడిన మరో ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి.

మాధవ నిదానంలో బోదకాలు గురించి చెప్పే శ్లీపద ప్రకరణం దగ్గర నేను ఆగిపోయాను. ‘పురాణోదక భూయిష్ఠాః సర్వర్తుషు చ శీతలాః’ అని అక్కడ ఒక శ్లోకం ఉంది. పాత నీరు నిలిచిపోయి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో ఈ రోగం ఎక్కువగా పుడుతుందని దాని భావం. ఆ శ్లోకం పక్కన ఖాళీలో తాతగారు మా చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు పెన్సిలుతో వరసగా రాసుకున్నారు. కొన్ని పేర్ల కింద గీత గీశారు. ఒకదాని పక్కన ‘చెరువు, మురుగు కాలువ’ అని ఉంది. మందు ఇచ్చి పంపేయడంతో ఆయన పని అయిపోలేదన్నమాట. ఈ రోగం ఏ ఊళ్ళో ఉంది, అక్కడే ఎందుకుంది అని ఆలోచించారు.

అప్పటినుంచి నాకు ఇదే ధ్యాస. రోగకారణాల గురించి పాతకాలం వాళ్ళు రాసిన పుస్తకాలను ఒక పద్ధతిలో సేకరించాలని ఉంది. దేనితో మొదలుపెట్టాలి? నా జీతానికి అందేవి ఉంటాయా? మా ఇంట్లో వానాకాలం వస్తే గోడలే చెమ్మగిల్లుతాయి, పుస్తకాలను ఎలా కాపాడుకోవాలి?

పాతకాగితం (రాజమహేంద్రవరం)
మంచి ప్రశ్నతో వచ్చారు. పేరున్న పుస్తకాల జాబితా ఎదురుగా పెట్టుకుని వేటకు దిగకండి. ఫ్రకాస్టోరో 1546లో వెనిస్‌లో అచ్చు వేయించిన అంటురోగాల గ్రంథం, ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ రచనల లైప్‌జిగ్ గ్రీకు-లాటిన్ సంపుటాలు, జాన్ స్నో కలరా పుస్తకం 1855 నాటి రెండో కూర్పు ఇలాంటివన్నీ ప్రపంచంలోని ధనవంతుల మధ్య, పెద్ద గ్రంథాలయాల మధ్య తిరిగే సరుకు. వాటిని వెల్కమ్ కలెక్షన్ వారి వెబ్‌సైటులోనో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో ఉచితంగా చదువుకోండి. డబ్బు మాత్రం మన నేలకు సంబంధించిన పుస్తకాల మీద పెట్టండి.

అవేమిటో చెబుతాను. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో కలరా చెలరేగి దేశమంతా పాకింది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది ఎలా నడిచిందో విలియం స్కాట్ అనే వైద్యాధికారి నివేదిక రాశాడు, 1824లో మద్రాసులోనే అచ్చయింది. ఏ ఊరికి ఏ తేదీన వచ్చింది, గాలి ఎటు వీస్తోంది, వాన పడిందా, పటాలం ఏ దారిన కదిలింది అని ఎంతోమంది వైద్యుల జవాబులను పోగేశారు. కారణం మాత్రం దొరకలేదు. 1871లో కార్నిష్ దక్షిణ భారతంలో కలరా గురించి ఇంకో పెద్ద గ్రంథం తెచ్చాడు. ఈ రెంటి మధ్యకాలంలోనే లండన్‌లో స్నో కలరా నీటి వల్ల పాకుతుందని చెప్పేశాడు. అయినా గాలిలో విషం ఉందని నమ్మినవాళ్ళు మన ప్రభుత్వ వైద్య శాఖలో చాలాకాలం పెద్ద పదవుల్లో ఉన్నారు.

ఆన్‌స్లీ మద్రాసు వైద్య శాఖలో పనిచేసినవాడు. భారతదేశపు వ్యాధుల మీద 1828లో రెండు పెద్ద సంపుటాలు లండన్‌లో వేయించాడు. రంగుల చిత్రపటాలు అద్భుతంగా ఉంటాయి, అందుకే వాటిని చించి విడిగా అమ్మేవాళ్ళు ఉన్నారు. కొనేముందు పటాల జాబితాను ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ఎయిన్‌స్లీ అని ఇంకొకాయన ఉన్నాడు, పేర్లు కలగాపులగం అవుతాయి జాగ్రత్త. ఆయన 1813లో మద్రాసులో అచ్చు వేసిన ఔషధ గ్రంథంలో మందు దినుసులకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. అది రోగకారణాల పుస్తకం కాదు గానీ మన బీరువాలో ఉండదగినదే.

సూక్ష్మదర్శిని (కాకినాడ)
నేను వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. ఆ శ్లోకం, దాని పక్కన పెన్సిలు రాతలు చదివి పులకించిపోయాను.

బోదకాలు కథను డెల్టా వాళ్ళందరూ తెలుసుకోవాలి. 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ మనిషి రక్తంలో సన్నని పురుగు పిల్లలను చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో బాంక్రాఫ్ట్‌కు పెద్ద పురుగు దొరికింది. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ ఆ పురుగు పిల్లలు దోమ కడుపులో ఎదుగుతున్నాయని కనిపెట్టాడు. రోగాన్ని మోసే కీటకం ఉందని వైద్య చరిత్రలో మొదటిసారి తేలింది అప్పుడే. కానీ దోమ ఒక్కసారే కుడుతుందని, తర్వాత నీళ్ళలో పడి చచ్చిపోతుందని, ఆ నీళ్ళు తాగితే మనకు రోగం వస్తుందని ఆయన అనుకున్నాడు. పురుగు దోమ తొండంలోనే ఉందని 1900లో జార్జ్ లో అనే వైద్యుడు చూపించేదాకా ఆ అభిప్రాయమే సాగింది.

ఇప్పుడు మళ్ళీ ఆ శ్లోకం చదవండి. పాత నీరు, నిలవ నీరు. ఇక్కడ బోదకాలును మోసే క్యూలెక్స్ దోమ గుడ్లు పెట్టేది మురికి పట్టి నిలిచిన నీళ్ళలోనే. కాలువలు కట్టేశాక వేసవిలో బోదెల్లో మిగిలే గుంటలు, ఇళ్ళ వెనక మురుగు, గుర్రపుడెక్క కప్పేసిన చెరువు మనం రోజూ చూసేవే. ఆయుర్వేదం కఫమంది, ఐరోపా వైద్యులు చిత్తడి నేలలోంచి లేచే చెడు ఆవిరి అన్నారు. 1717లో రోమ్‌లో లాన్సీసి చిత్తడి నేలల దుర్వాయువుల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. కారణం వాళ్ళకు అందలేదు, చోటు మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. ఈ పాత పుస్తకాల్లో నాకు నచ్చేది అదే.

నాడీజ్ఞానం (అమలాపురం)
డాక్టరుగారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ‘కారణం అందలేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే మా శాస్త్రానికి అన్యాయం జరుగుతుంది. నేను ఆయుర్వేదం చదివి వైద్యం చేస్తున్నవాణ్ణి. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అని రోగాన్ని తెలుసుకునే దారులు అయిదు చెప్పారు. వాటిలో సంప్రాప్తి అంటే దోషం ఎక్కడ పుట్టి, ఏ దారిన వెళ్ళి, ఎక్కడ నిలిచి రోగమైందో ఆ క్రమమంతా.

చరక సంహిత విమాన స్థానంలో జనపదోద్ధ్వంసం అనే అధ్యాయం ఉంది. ఒక్కొక్కరి తిండి, శరీరతత్త్వం వేరు కదా, మరి ఒక ప్రాంతం జనమంతా ఒకేసారి ఒకే రోగంతో ఎందుకు పోతున్నారని శిష్యుడు అడుగుతాడు. గాలి, నీరు, నేల, కాలం చెడిపోవడం వల్లనని గురువు జవాబు. ఎంత నిశితమైన ప్రశ్నో చూడండి. దోషాల సిద్ధాంతం దానికి చాలదని గ్రహించి, జవాబు కోసం బయటి ప్రపంచంలోకి వెళ్ళారు. ఇక సుశ్రుతుడు కలిసి తినడం, ఒకే పక్క మీద పడుకోవడం, ఒంటికి ఒళ్ళు తగలడం, ఊపిరి, ఒకరి బట్టలూ పూలదండలూ మరొకరు వాడడం వల్ల కుష్ఠం, జ్వరం, శోష, కంటి జబ్బు ‘సంక్రామంతి నరాన్నరమ్’ అన్నాడు. మనిషి నుంచి మనిషికి పాకుతాయని ఇంత స్పష్టంగా ఉంది.

వసిష్ఠ తీరం గారూ, మీరు మొదట కొనవలసింది విజయరక్షితుడు, శ్రీకంఠదత్తుడు రాసిన మధుకోశ వ్యాఖ్యతో ఉన్న మాధవ నిదానం. కాశీ ముద్రణలు తేలిగ్గానే దొరుకుతాయి. తాతగారి ప్రతిని పక్కన పెట్టుకుని చదవండి.

సూక్ష్మదర్శిని (కాకినాడ)
మీరు చెప్పిన రెండు చోట్లూ నిజంగా గొప్పవే, ఒప్పుకుంటాను. చరకుడి ప్రశ్న ఈనాటి ప్రజారోగ్య శాస్త్రం అడిగే ప్రశ్నే. నా అభ్యంతరం వేరొకటి. సుశ్రుతుడి శ్లోకం చూపించి ‘మనవాళ్ళకు బాక్టీరియా అప్పుడే తెలుసు’ అనేవాళ్ళు ఎక్కువయ్యారు. మీరు అనలేదు, తెలుసు. అంటుతుందని గమనించడం వేరు, అంటేది ఏమిటో చూడడం వేరు.

ఐరోపా పుస్తకాలతోనూ ఇదే చిక్కు. 1658లో కిర్చర్ అనే జెస్యూట్ పండితుడు ప్లేగు రోగుల రక్తాన్ని భూతద్దాలతో చూసి పురుగులు కనిపించాయని రాశాడు. ఆయన పరికరానికి ప్లేగు సూక్ష్మజీవి కనిపించే అవకాశమే లేదు. అమ్మేవాళ్ళు మాత్రం ‘సూక్ష్మజీవులను కనుగొన్న గ్రంథం’ అని రాసి ధర పెంచుతారు. ఫ్రకాస్టోరో చెప్పిన రోగబీజాలూ మనం అనుకునే జీవులు కావు. ఏ పుస్తకాన్నయినా అది పుట్టిన కాలంలో పెట్టి చదివితేనే దాని విలువ తెలుస్తుంది. మీ శాస్త్రానికి నేను ఇచ్చే గౌరవం కూడా అదే.

నాడీజ్ఞానం (అమలాపురం)
ఈ మాట బాగుంది. మనిద్దరికీ పేచీ లేదు.

తెల్లగుళికలు (రావులపాలెం)
హానిమన్ ఊసు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గోదావరి జిల్లాల్లో పాత హోమియో పుస్తకాలు లేని వీధి అరుదు, కాబట్టి సేకరణకు ఇది తేలికైన దారి. ఆర్గనాన్ మొదటి కూర్పు 1810లో జర్మన్‌లో వచ్చింది. ప్రాణశక్తి గతి తప్పడమే రోగమని ఆయన మాట. 1828లో మొదలుపెట్టిన దీర్ఘవ్యాధుల గ్రంథంలో సోరా అనే మూలదోషాన్ని చెప్పాడు. ఇంత చెప్పిన మనిషే 1831లో ఐరోపాకు కలరా వచ్చినప్పుడు, అది కంటికి కనపడనంత చిన్న ప్రాణుల వల్ల పాకుతోందని, గాలి మార్పు వల్ల కాదని చిన్న పుస్తకం రాశాడు. కలరా సూక్ష్మజీవిని తర్వాత గుర్తించిన కోక్ అప్పటికి పుట్టనైనా లేదు. ఒకే మనిషి తలలో రెండు సిద్ధాంతాలు ఉండగలవని తెలియాలంటే ఈ చిన్న పుస్తకాలే చదవాలి.

కోటిపల్లి రేవు
ఇప్పటిదాకా అందరూ వైద్యులు రాసిన పుస్తకాల గురించే మాట్లాడారు. జనం ఏమనుకున్నారో చెప్పే కాగితాలనూ సేకరించండి. పాత పంచాంగాలు తీసి సంవత్సర ఫలాలు చూడండి, ఫలానా గ్రహం ఈ ఏడు రాజు అయ్యాడు కాబట్టి జ్వరబాధలు హెచ్చు అని ఉంటుంది. రోగానికి కారణం ఆకాశంలో ఉందనే సిద్ధాంతమే అది. అచ్చం ఇలాంటి మాటే 1348లో ఐరోపాలో నల్లచావు అనే ప్లేగు వచ్చినప్పుడు పారిస్ విశ్వవిద్యాలయం పండితులు కూడా చెప్పారు. మూడు గ్రహాల కూటమి వల్ల గాలి చెడిందని రాజుకు నివేదిక ఇచ్చారు.

పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతర కరపత్రాలు, అమ్మవారి కథల చిన్న పుస్తకాలు, మశూచి టీకాల ప్రకటనలు కూడా ఈ చరిత్రలో భాగమే. మశూచిని అమ్మవారు అని చేతులు జోడించిన ఊరే టీకా కూడా వేయించుకుంది. హాల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1767లో రాసిన చిన్న పుస్తకంలో బెంగాల్ బ్రాహ్మణులు గోమశూచి టీకా తెచ్చిన జెన్నర్ కంటే ఎంతో ముందే మశూచి చీముతో టీకాలు వేసే పద్ధతిని వర్ణించాడు. పాత సామాన్ల కొట్టులో ఇలాంటి కాగితాలను కట్టలుగా తూకానికి అమ్మేస్తున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. సెలవు రోజున వెళ్ళి ఆ కట్టలు విప్పి చూడండి.

వసిష్ఠ తీరం (నరసాపురం)
ఇంత మంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. పాతకాగితం గారికి ఒక సందేహం. మాధవ నిదానానికి ముందు కాగితాలు లేవన్నాను కదా, చివరి కాగితం మాత్రం ఉంది. ‘1867 సం॥ 25వ ఆక్టు ప్రకారము రిజిస్టరు చేయబడినది’ అని ఉంది. రక్తాక్షి నామ సంవత్సరం అని ఉంది. వెల రూపాయి ఎనిమిదణాలు. అచ్చుకూటం పేరున్న చోట పురుగు తినేసింది. ఏ కాలానిదో చెప్పగలరా?

పాతకాగితం (రాజమహేంద్రవరం)
మీ చివరి కాగితమే చెప్పేసింది. రక్తాక్షి అరవై ఏళ్ళకోసారి వస్తుంది కాబట్టి 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు. పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం పుట్టిందే 1867లో. 1864లో అచ్చయిన పుస్తకం మీద ఆ చట్టం పేరు ఉండడానికి వీల్లేదు. కాబట్టి మీది 1924-25 నాటిది. కాగితం గోధుమరంగుకు తిరిగి, అంచు మడిస్తే పుటుక్కున విరుగుతుంటే సందేహమే అక్కరలేదు, చెక్కగుజ్జు కాగితం. 1700 నాటి లాటిన్ పుస్తకం గుడ్డపీలికల కాగితం మీద అచ్చయింది కాబట్టి ఈనాటికీ తెల్లగా ఉంటుంది. మన తాతల కాలపు తెలుగు పుస్తకం వందేళ్ళకే పొడి అవుతుంది. ముందు కాపాడుకోవలసింది దీన్నే.

దారం సూది (పాలకొల్లు)
నేను బైండింగ్ పని చేస్తాను. మా నాన్నగారూ ఇదే పని. చెమ్మ గురించి అడిగారు కదా, ఓపికగా చదవండి.

బీరువాను గోడకు ఆనించవద్దు, జానెడు దూరం జరపండి. కింది అర ఖాళీగా వదిలేయండి. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామాల్లో ఎన్ని ఇళ్ళ పుస్తకాలు కింది అరల్లోనే నానిపోయాయో మా కొట్టుకు వచ్చిన కట్టలే సాక్ష్యం. వానాకాలంలో ఎండ కాసిన మధ్యాహ్నం తలుపులు తీసి గాలి ఆడనివ్వండి, పుస్తకాలను మాత్రం ఎండలో పరచవద్దు. బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి. గాలి ఆడేచోట ఆరబెట్టి, మెత్తని కుంచెతో బయటికి దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. అలమరలో వేపాకు, వస కొమ్ములు పెట్టడం మంచి అలవాటే, కానీ ఆకు పచ్చిగా ఉండకూడదు, ఆ తడికే బూజు పుడుతుంది.

బైండింగుకు ఇచ్చేటప్పుడు మూడు మాటలు గట్టిగా చెప్పండి. అంచులు కటింగ్ మిషన్‌లో పెట్టవద్దనండి. మీ తాతగారి పెన్సిలు రాతలు అంచులోనే ఉన్నాయి, ఒక్క కోతకు సగం ఊళ్ళు పోతాయి. మైదా జిగురులో మైలుతుత్తం కలపవద్దనండి. పురుగు రాదని మా వాళ్ళందరూ కలుపుతారు, కొన్నేళ్ళకు అదే కాగితాన్ని తినేస్తుంది. సెల్లోటేపు, లామినేషన్ మాట ఎత్తనివ్వకండి. కాగితం విరిగిపోయే స్థితిలో ఉంటే అసలు కుట్టించవద్దు, ఆమ్లం లేని అట్టతో పెట్టె చేయించి అందులో ఉంచండి. పెట్టె నేనే చేసి పెడతాను, పుస్తకం కొలతలు పంపండి.

ఇంకొకటి. ఇంగ్లీషు పుస్తకాల్లో మెరిసే పచ్చరంగు గుడ్డ అట్ట కనిపిస్తే చేతులు జాగ్రత్త. 1840ల నుంచి 1860ల దాకా కొన్ని అట్టలకు పాషాణం కలిసిన ఆకుపచ్చ రంగు వేశారు. చేతి తొడుగులు వేసుకుని తీయండి, విడిగా సంచిలో పెట్టండి, పిల్లలకు అందనివ్వకండి.

తాటాకు (ద్రాక్షారామం)
చట్టం సంగతి కూడా తెలుసుకోండి. వైద్యుల ఇళ్ళలో అచ్చు పుస్తకాలతోపాటు తాళపత్రాలూ బయటపడతాయి. 75 ఏళ్ళు దాటిన, శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నేరం. ఫోనులో మంచి ధర చెప్పి విదేశాలకు పంపమనేవాళ్ళు తగిలితే మాట పెంచకండి. తాళపత్రాలకు పసుపు పూసో, కొబ్బరినూనె రాసో పాడుచేయకండి. గ్రంథాలయాల్లో నిమ్మగడ్డి నూనె వాడతారు, అది కూడా తెలిసినవారి చేత చేయించాలి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలూ పాత తెలుగు ముద్రణలూ ఉన్నాయి. ఏదైనా కొనేముందు అక్కడికి వెళ్ళి చూడండి, కన్ను కుదురుతుంది.

నాకు ఎదురైన అనుభవం ఒకటి. దూరపు ఊరి వ్యాపారి ఒకరు ‘పూర్తి ప్రతి’ అని జ్వరచికిత్స పుస్తకం పంపారు. నాలుగు ఫారాలు మరో పుస్తకానివి, పుట సంఖ్యలు కలిసేలా కుట్టేశారు. డబ్బు పంపేముందు మొదటి పుట, చివరి పుట, మధ్యలో ఎక్కడైనా రెండు పుటలు ఫోటో తీసి పంపమనండి. ఒప్పుకోకపోతే కొనకండి.

వసిష్ఠ తీరం (నరసాపురం)
అందరికీ చేతులెత్తి నమస్కారం. నేను తేల్చుకున్నది ఇది. సేకరణ అంతా నీటి చుట్టూ ఉంటుంది: బోదకాలు, కలరా, చలిజ్వరం. కఫం దగ్గర మొదలుపెట్టి దోమ తొండం దాకా రోగకారణం ఎలా మారిందో ఈ మూడు రోగాలతోనే చూపించవచ్చు. మధుకోశంతో ఉన్న మాధవ నిదానం కాశీకి రాసి తెప్పించుకుంటాను. స్నో పుస్తకం పునర్ముద్రణ చాలు. స్నో ఆ రెండో కూర్పుకు 200 పౌండ్ల పైచిలుకు సొంత డబ్బు పెట్టి తిరిగి దాదాపు ఏమీ రాబట్టుకోలేకపోయాడని చదివాక, ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. కార్నిష్ గ్రంథం మూలప్రతి ఎక్కడైనా కనిపిస్తే దానికోసం డబ్బు కూడబెడతాను.

దారం సూది గారూ, పుస్తకం పొడవు 22 సెంటీమీటర్లు, వెడల్పు 14, మందం 4. అంచులు చాలాచోట్ల విరుగుతున్నాయి.

సూక్ష్మదర్శిని (కాకినాడ)
పెట్టెలో పెట్టేముందు ఆ పెన్సిలు రాతల పుటలు పక్కనుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి నాకు పంపండి. పై నుంచి వెలుతురు పడితే పెన్సిలు మెరిసి అక్షరం కనపడదు. ఆ ఊళ్ళను కాలువల పటం మీద గుర్తించి చూద్దాం. కాలువ చివరి భూములెన్ని, చెరువు ఊళ్ళెన్ని, తాతగారు గీత గీసినవి ఏవి అన్నది తేలితే, అదే ఒక వ్యాసమవుతుంది.

దారం సూది (పాలకొల్లు)
కొలతలు అందాయి. లోపల ప్రతి వైపు అర సెంటీమీటరు వదిలి చేస్తాను, కాగితానికి ఒత్తిడి ఉండదు. మూత కింద పడే రకం పెట్టె మంచిది, పుస్తకాన్ని పైకి లాగనక్కరలేదు. ఫోటోలు తీయడం అయ్యాకే పుస్తకం తీసుకురండి, బస్సులో సంచిలో వేయకుండా రెండు గట్టి అట్టల మధ్య పెట్టి నూలు గుడ్డతో కట్టండి.